బెత్తం నేర్పే పాఠం

విద్యాలయంలో ప్రతిదినం రెండు పాఠాలు జరుగుతూ ఉంటాయి. మొదటిది ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసే పాఠం. అది పాఠ్యప్రణాళికలో ఉంటుంది. దానికి పరీక్షలుంటాయి, మార్కులుంటాయి. రెండవది ఏ ప్రణాళికలోను కానరాదు. తరగతి గదిలోని భయమో, ఆదరమో, అవహేళనమో విద్యార్థికి తెలియకుండానే అతని మనస్సుకు నేర్పే పాఠమది. మొదటి పాఠంలో అధికభాగాన్ని పరీక్ష ముగిసిన కొద్ది దినాలకే మరచిపోతాము. రెండవది మాత్రం జీవితాంతం వెంట వస్తుంది. ఏనాడో బడి విడిచిన పెద్దలు సైతం గణితం పేరు వినగానే ముఖం చిట్లించుకోవడం, ఆంగ్లంలో నాలుగు మాటలు పలుకవలసి వస్తే చెమటలు పట్టడం మనం నిత్యం చూస్తున్నదే. వారు మరచిపోనిది గణితాన్ని కాదు, భయాన్ని.

"దండం దశగుణం భవేత్" అని మన పెద్దలు తరతరాలుగా వల్లిస్తున్నారు. వీధిబడులలో కోదండం వేయించడం, తొడపాశం పెట్టడం, గోడకుర్చీ వేయించడం, మక్తబులలో పిల్లవానిని ముర్గాగా వంచి నిలబెట్టడం విద్యాబోధనలో అంతర్భాగాలుగా చెలామణి అయినాయి. భయం లేనిదే చదువు రాదనే నమ్మకం ఇప్పటికీ మన ఇండ్లలోను, బడులలోను పాతుకొని ఉన్నది. ఈ నమ్మకం సరియైనదా కాదా అన్నది కేవలం దయాదాక్షిణ్యాలకు సంబంధించిన ప్రశ్న కాదు. ప్రాణి ఏ విధంగా నేర్చుకుంటుందో శతాబ్దానికి పైగా పరిశోధించిన మనోవిజ్ఞాన శాస్త్రం ముందు నిలిపి తేల్చుకోవలసిన ప్రశ్న. దండన తాను చేస్తానన్న పనిని చేయదనీ, చేయకూడని పనిని మాత్రం చక్కగా చేస్తుందనీ ఆ శాస్త్రం చెబుతున్నదని నా అభిప్రాయం.

అనుభవం వల్లను, అభ్యాసం వల్లను ప్రవర్తనలో కలిగే, కొంతకాలం నిలిచే మార్పును మనోవిజ్ఞానులు అభ్యసనం అంటారు. ఇందు మంచి చెడ్డల ప్రసక్తి లేదని గమనించవలె. పద్యం అప్పజెప్పడం ఎట్లా అభ్యసనమో, ఉపాధ్యాయుని అడుగుల చప్పుడు వినగానే వణకడం కూడ అట్లే అభ్యసనం. కనుక దెబ్బలు తిన్న బాలుడు ఏమీ నేర్చుకోలేదనడం పొరపాటు. అతడు నేర్చుకున్నాడు; ఏమి నేర్చుకున్నాడన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం రష్యా దేశంలోని ఒక ప్రయోగశాల నుండి వచ్చింది. ఇవాన్ పావ్లోవ్ వృత్తిచేత శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించింది. ఆ పరిశోధనలలో కుక్కల లాలాజలాన్ని కొలుస్తుండగా ఆయనకొక వింత కనిపించింది. ఆహారం నోటికి అందక మునుపే, ఆహారం తెచ్చే మనిషి అడుగుల సవ్వడి విన్నంతనే కుక్కకు నోరూరుతున్నది. అడుగుల సవ్వడిలో తినదగినది ఏమున్నది? ఏమీ లేదు. కాని ఆ సవ్వడి వెనుకనే ఆహారం వస్తుందని అనుభవం చెప్పింది. పావ్లోవ్ దీనిని క్రమబద్ధంగా పరీక్షించినాడు. నియమిత వేగంతో టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ యంత్రాన్ని వినిపించి, వెంటనే ఆహారం పెట్టినాడు. ఇట్లా కొన్ని పర్యాయాలు జరిగిన తరువాత కేవలం ఆ శబ్దానికే లాలాజలం స్రవించింది. ఆహారం సహజమైన ఉద్దీపన. శబ్దం మొదట ఏ అర్థమూ లేని ఉద్దీపన. సహజమైన దానితో జతపడినందువల్ల అర్థం లేనిది అర్థం సంతరించుకొన్నది. దీనినే శాస్త్రీయ నిబంధనం అన్నారు.

ఆహారానికి బదులు నొప్పిని ఉంచి చూడండి. దెబ్బ సహజంగా భయాన్ని పుట్టిస్తుంది. దెబ్బ ఒంటరిగా రాదు. గణిత పుస్తకం తెరిచి ఉండగా వస్తుంది. గంట మ్రోగిన తరువాత వస్తుంది. సుద్దముక్క చప్పుడుతో, ఉపాధ్యాయుని దగ్గుతో, "లేచి నిలబడు" అనే మాటతో కలిసి వస్తుంది. ఉపాధ్యాయుని ఉద్దేశంలో ఆ దెబ్బ ఎక్కం అప్పజెప్పనందుకు. కాని పిల్లవాని నాడీమండలం ఉపాధ్యాయుని ఉద్దేశాన్ని చదువదు. దెబ్బకు ముందు ఏమేమి ఉన్నాయో వాటిని లెక్క వేసుకొంటుంది. ఆ లెక్కలో ఎక్కాల పుస్తకం, తరగతి గది, ఉపాధ్యాయుని ముఖం అన్నీ చేరుతాయి. సోమరితనం పట్ల భయం కలిగించాలని కొట్టిన దెబ్బ చదువు పట్ల భయం కలిగించి ఊరుకుంటుంది.

భయం జతపడిన వస్తువు దగ్గరనే ఆగితే కొంత నయం. అది ఆగదు. "పాము కరచినవాడు తాడును చూచి బెదరును" అని తెలుగువారు, "సాంప్ కా కాటా రస్సీ సే డర్తా హై" అని ఉర్దూవారు చెప్పుకొనే సామెత ఒక్కటే. "దూధ్ కా జలా ఛాఛ్ భీ ఫూంక్ ఫూంక్ కర్ పీతా హై" అన్న మాట కూడ ఆ కోవకు చెందినదే. పాలతో నోరు కాలినవాడు చల్లని మజ్జిగను సైతం ఊదుకొని త్రాగుతాడు. ఒక ఉద్దీపనకు నేర్చిన ప్రతిస్పందన దానిని పోలిన ఇతర ఉద్దీపనలకు వ్యాపించడాన్ని శాస్త్రజ్ఞులు సాధారణీకరణం అన్నారు. ప్రయోగశాల పుట్టక మునుపే మన రెండు భాషలూ ఆ సత్యాన్ని కనిపెట్టినవి. అయినా, ఇంత స్పష్టంగా తెలిసిన సత్యాన్ని తరగతి గది గుమ్మం దగ్గర మరచిపోవడమే మన దురదృష్టం.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వాట్సన్, రేనర్ అనే మనోవిజ్ఞానులు 1920లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో తరచు ఉదాహరింపబడుతుంది. ఆల్బర్ట్ అని వారు పేర్కొన్న శిశువుకు సుమారు 9 నెలల వయస్సులో తెల్ల ఎలుకను చూపితే ఏ భయమూ కలుగలేదు. 11 నెలల వయస్సులో, ఆ శిశువు ఎలుకను తాకబోయినప్పుడు వెనుక నుండి ఉక్కు కడ్డీపై సుత్తితో గట్టిగా మోదినారు. ఇట్లా ఏడు పర్యాయాలు జరిగేసరికి ఎలుక కనిపించగానే శిశువు ఏడ్వసాగినాడు. అటు తరువాత కుందేలును చూచి, కుక్కను చూచి, బొచ్చుకోటును చూచి కూడ బెదరినాడు. ఆ భయాన్ని తొలగించే ప్రయత్నం చేయకుండానే ప్రయోగాన్ని ముగించినారు. ఒకే ఒక శిశువుపై జరిగిన ఈ ప్రయోగం శాస్త్రీయంగా బలహీనమైనదని నేటి విమర్శకులు అంటారు. నైతికంగా అది క్షమార్హం కాదు. నేడు ఏ విశ్వవిద్యాలయమూ దానికి అనుమతి ఇవ్వదు. అయితే మనను మనం ప్రశ్నించుకోవలసిన మాట ఒకటి కలదు. ప్రయోగశాలలో ఒక్క శిశువుకు చేసిన దానిని చదివి ఖేదపడే మనం, బడులలో లక్షలాది శిశువులకు బల్లపై బెత్తం మోది వినిపించడాన్ని క్రమశిక్షణ అని ఎట్లా పిలువగలుగుతున్నాము?

కాలం గడచిన కొద్దీ భయం దానంతటదే పోతుందని కొందరంటారు. ఇది సగం సత్యం. శబ్దం వినిపించి ఆహారం పెట్టడం మానివేస్తే కుక్కకు నోరూరడం క్రమంగా ఆగిపోతుందని పావ్లోవ్ చూపినాడు. దీనిని విలుప్తీకరణం అంటారు. కాని కొంత విరామం ఇచ్చి మరల శబ్దం వినిపిస్తే, ఆగిపోయిన లాలాజలం తిరిగి స్రవించింది. నేర్చినది చెరిగిపోలేదు, అణగి ఉన్నది. అదీగాక, భయం విషయంలో విలుప్తీకరణానికి అవకాశమే అరుదుగా దొరుకుతుంది. కుక్క శబ్దాన్ని తప్పించుకొని పారిపోలేదు. విద్యార్థి పారిపోగలడు. గణితమంటే భయపడినవాడు ఇంటర్మీడియట్‌లో గణితం లేని గ్రూపు తీసుకొంటాడు. తప్పించుకొన్నందువల్ల అతనికి ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనమే తప్పించుకొనే అలవాటును బలపరుస్తుంది. భయపడవలసిన పని లేదని తెలుసుకొనే సందర్భం అతనికి ఇక రాదు. ఇట్లా ఒక తొమ్మిదేండ్ల బాలుని అరచేతిపై పడిన దెబ్బ పదునారేండ్ల యువకుని వృత్తిని నిర్ణయిస్తుంది. కొందరు అంతవరకు కూడ రారు, బడినే తప్పించుకొంటారు. బడి మానిన పిల్లల జాబితాలో కారణం దగ్గర పేదరికం అని వ్రాస్తాము. పేదరికం నిజమే. దాని ప్రక్కన వ్రాయవలసిన మరొక మాటను మాత్రం వ్రాయము.

ఇంతవరకు చెప్పినది భయం ఎట్లా అంటుకొంటుందన్న సంగతి. దండన ప్రవర్తనను మారుస్తుందా అన్నది వేరు ప్రశ్న. థార్నడైక్ అనే అమెరికన్ మనోవిజ్ఞాని 1898లో పిల్లులను చిక్కు పెట్టెలలో ఉంచి, అవి గడియ తీసికొని బయటపడే తీరును పరిశీలించినాడు. పిల్లి అటూ ఇటూ గీరుతుంది, కొరుకుతుంది, తడబడుతుంది. యాదృచ్ఛికంగా గడియ ఊడుతుంది. పర్యాయాలు పెరిగిన కొద్దీ వ్యర్థ యత్నాలు తగ్గుతాయి. దీని నుండి ఆయన ఫలిత నియమాన్ని ప్రతిపాదించినాడు. తృప్తినిచ్చే ఫలితం గల ప్రతిస్పందన బలపడుతుంది, బాధ కలిగించేది బలహీనపడుతుంది అన్నాడు. అయితే తరువాతి కాలంలో, 1930 ప్రాంతంలో, ఆయనే ఈ నియమం యొక్క రెండవ భాగాన్ని సవరించుకొన్నాడు. తృప్తి సంబంధాలను బలపరచినంతగా బాధ వాటిని బలహీనపరచదని తేల్చినాడు. 1944లో ఎస్టెస్ ఎలుకలపై జరిపిన పరిశోధన కూడ ఇదే దారిలో నడిచింది. స్వల్పమైన దండన ప్రవర్తనను తాత్కాలికంగా అణచి ఉంచుతుంది; దండన తొలగగానే అణగినది తిరిగి తలయెత్తుతుంది. ఉపాధ్యాయుడు గదిలో ఉన్నంతసేపు శ్మశాన నిశ్శబ్దం, గడప దాటగానే సంతబజారు: దీనికి వ్యాఖ్యానం అవసరమా?

కార్యసాధక నిబంధనాన్ని విస్తృతంగా పరిశోధించిన స్కిన్నర్ మరొక తేడాను స్పష్టం చేసినాడు. ప్రాణి చేసిన పనికి అనుకూల ఫలితం కలిగి ఆ పని పెరిగితే దానిని పునర్బలనం అనవలె. బాధ తొలగిపోవడం కూడ పునర్బలనమే. ఈ రెండవ మాట మన ఇంటిపని విషయంలో ఎంత నిజమో చూడండి. దెబ్బ తప్పించుకొనడమే లక్ష్యమైనప్పుడు విద్యార్థికి సమస్యను సాధించడమూ, ప్రక్కవాని పుస్తకం చూచి వ్రాయడమూ ఒకే ఫలితాన్నిస్తాయి. రెండవది సులభం. కనుక అదే బలపడుతుంది. మనం కాపీ కొట్టవద్దని హెచ్చరిస్తూనే కాపీ కొట్టడాన్ని ప్రతిదినం పునర్బలనంతో పెంచి పోషిస్తున్నాము.

బెత్తం ఇన్ని విధాల విఫలమైతే ఉపాధ్యాయులు దానిని ఎందుకు విడువరు? వారు క్రూరులు కాబట్టి అనడం అన్యాయం. దీనికి సమాధానం కూడ అభ్యసన సూత్రాలలోనే దొరుకుతుంది. అరువదిమంది పిల్లలు అల్లరి చేస్తున్న గదిలో బెత్తంతో బల్లపై ఒక్క దెబ్బ వేస్తే క్షణంలో నిశ్శబ్దం ఏర్పడుతుంది. ఆ నిశ్శబ్దం ఉపాధ్యాయునికి లభించిన పునర్బలనం. దాని వల్ల కలిగే నష్టం ఏండ్ల తరువాత, మరెక్కడో, ఆయన కండ్ల ఎదుట లేని చోట బయటపడుతుంది. వెంటనే వచ్చే ఫలితం ప్రవర్తనను శాసిస్తుంది, ఆలస్యంగా వచ్చేది శాసించదు. విద్యార్థికి బెత్తం ఏమి నేర్పినా నేర్పకపోయినా, బెత్తం పట్టడాన్ని ఉపాధ్యాయునికి మాత్రం నేర్పుతుంది. కనుక కిక్కిరిసిన గదిని, అలసిన ఉపాధ్యాయుని అట్లే ఉంచి బెత్తాన్ని మాత్రం లాగివేస్తే పని జరుగదు. దాని స్థానంలో మరొక సాధనాన్ని ఆయన చేతికి ఇవ్వవలె.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. "మేము దెబ్బలు తినే చదువుకొన్నాము, పైకి వచ్చినాము" అని పెద్దలంటారు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆ కాలపు ఉపాధ్యాయులలో శిష్యుని ఇంటికి వెళ్ళి చదువు చెప్పినవారు, ఫీజు తామే కట్టినవారు ఉన్నారు. వారి వాత్సల్యం దెబ్బల కంటె పెద్దది. చదువు వచ్చినది ఆ వాత్సల్యం వల్లనా, దెబ్బల వల్లనా అని విడదీసి చూడక, కండ్లకు కనిపించిన బెత్తానికే కీర్తి కట్టబెడుతున్నాము. అంతేగాక, ఈ సాక్ష్యం చెబుతున్నవారందరు బడిలో నిలిచినవారే. దెబ్బలకు తాళలేక మధ్యలో వెళ్ళిపోయినవారు వచ్చి సాక్ష్యం చెప్పే వేదిక లేదు. వారు వార్షిక సంచికలలో వ్యాసాలు వ్రాయరు.

భయం కంటె ప్రమాదకరమైన స్థితి ఒకటి కలదు. అది నిరాశ. 1967లో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కుక్కలపై జరిపిన ప్రయోగం దీనిని వెల్లడించింది. కొన్ని కుక్కలు తలతో ఒక పలకను నొక్కి విద్యుత్ ఘాతాన్ని ఆపుకొనగలవు. మరికొన్నింటికి అన్నే ఘాతాలు తగిలినా ఆపుకొనే వీలు లేదు. తరువాత రెండు రకాల వాటిని అడ్డును దూకి సులభంగా తప్పించుకొనగల పెట్టెలో ఉంచినారు. మొదటి రకం దూకినవి. రెండవ రకంలో అనేకం దూకే ప్రయత్నమైనా చేయక బాధను సహిస్తూ పడి ఉన్నవి. ఆనాడు దీనికి అభ్యసిత నిస్సహాయత అని పేరు పెట్టినారు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని మెదడు పరిశోధనల వెలుగులో తలక్రిందులు చేసినారు. దీర్ఘమైన బాధకు నిశ్చేష్టంగా లొంగిపోవడం ప్రాణికి సహజ ప్రతిస్పందన, దానిని నేర్చుకోనక్కరలేదు. తన చేతలో ఫలితం ఉన్నదన్న నమ్మకమే నేర్చుకోవలసినది అన్నారు. ఈ సవరణ ఉపాధ్యాయునికి అమూల్యమైనది. వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న విద్యార్థికి సోమరి అని, మొద్దు అని పేరు పెట్టే ముందు అడుగవలసిన ప్రశ్న ఇది: తాను ప్రయత్నిస్తే ఫలితం మారుతుందని ఇతనికి ఎవరైనా, ఎప్పుడైనా నేర్పినారా? తండ్రి సంతకం చేయలేని ఇంటి నుండి మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారు మన తరగతులలో ఎందరో ఉన్నారు. వారి విషయంలో ఈ ప్రశ్న మరింత బరువైనది.

ఇవన్నీ పాశ్చాత్యుల మాటలు, మన సంప్రదాయానికి పొసగవు అనేవారికి ఒక పాత గ్రంథాన్ని జ్ఞప్తి చేయవలసి ఉన్నది. ట్యూనిస్ నగరంలో 1332లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో విద్యార్థుల పట్ల కాఠిన్యం వారికి హాని కలిగిస్తుందని వివరించడానికే ఒక అధ్యాయాన్ని కేటాయించినాడు. కఠిన శిక్షలతో పెరిగిన బాలుని ఉత్సాహం అణగిపోతుందనీ, అతడు సోమరి అవుతాడనీ, దండనకు భయపడి మనస్సులోనిది దాచి అబద్ధాలకు, మోసానికి అలవాటు పడతాడనీ, కాలక్రమాన అవే అతని స్వభావం అవుతాయనీ ఆయన భావం. పావ్లోవ్ పుట్టుకకు సుమారు అయిదు శతాబ్దాల మునుపు వ్రాసిన మాటలివి. కనుక బెత్తాన్ని సంప్రదాయం పేరిట సమర్థించేవారు సంప్రదాయంలో ఒక భాగాన్ని మాత్రమే చదివినారు.

చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో, పిల్లలను శారీరకంగా దండించడాన్నే గాక మానసికంగా వేధించడాన్ని కూడ నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాపాడినది రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన పరిపాలనా స్వాతంత్ర్యాన్ని. కొట్టే స్వాతంత్ర్యాన్ని కాదు. ఒక సమాజం తన పిల్లల మేలు కోరి సంస్థలను నెలకొల్పుకొనే హక్కు సంపాదించుకొన్నప్పుడు, ఆ పిల్లల గౌరవాన్ని చట్టం చెప్పక ముందే కాపాడవలసిన బాధ్యత ఆ సంస్థలపై రెండింతలు ఉంటుంది.

కళాశాలలో బెత్తం ఎక్కడిదని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. నిజమే, ఇక్కడ బెత్తం లేదు. నవ్వు ఉన్నది. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి తెలుగు తరగతిలో లేచి "కళాశాల" అనబోయి "కలాశాల" అంటాడు. ఉర్దూలో "ళ"కారం లేదు గనుక అతని నాలుకకు ఆ అభ్యాసం లేదు. తరగతి గొల్లుమంటుంది. తెలుగు విద్యార్థి ఉర్దూ మిత్రుల నడుమ "ఖబర్" అనబోయి "కబర్" అంటాడు. అక్కడా నవ్వులే. మన "కబురు" ఆ మాటనుండే పుట్టి, ఆ ఉచ్చారణతోనే తెలుగు ఇండ్లలో స్థిరపడినదని ఎవరికీ గుర్తుకు రాదు. నవ్వినవారికి అది ఒక క్షణం. లేచి నిలిచినవానికి అది ఆల్బర్ట్ చెవిలో మ్రోగిన ఉక్కు కడ్డీ. మూడు నాలుగు పర్యాయాలు చాలు. అతడు ఇక లేవడు. రెండు భాషలు ఒకే కప్పు క్రింద వర్ధిల్లవలసిన విద్యాలయంలో విద్యార్థులు ఎవరి భాషలో వారు ముడుచుకొని కూర్చునే స్థితికి, పరస్పర విద్వేషం కాదు, ఈ చిన్న నవ్వే కారణమౌతున్నదని నా దృఢ విశ్వాసం.

మరి చేయదగినది ఏమి? భయాన్ని తెచ్చిపెట్టిన సూత్రమే భయాన్ని తొలగించగలదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనోవిజ్ఞాని, కుందేలంటే భయపడే పీటర్ అనే బాలునికి అతడు ఇష్టంగా తినుచున్న సమయంలో కుందేలును దూరాన ఉంచి చూపినది. దినదినం దానిని కొంచెం దగ్గరకు తెచ్చినది. చివరకు ఆ బాలుడు కుందేలుతో ఆడుకొన్నాడు. ఆమె కుందేలును ఒక్కసారిగా ఒడిలో పడవేయలేదు, భయపడినందుకు నిందించలేదు. భాషకు భయపడే విద్యార్థికి కూడ ఇదే మార్గం. మొదట ఒక్క మిత్రునితో ఒక్క వాక్యం, తరువాత నలుగురిలో నాలుగు వాక్యాలు, ఆ తరువాతనే వేదిక.

రెండవది, అడుగులు చిన్నవిగా ఉండవలె, ఫలితం వెంటనే తెలియవలె. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదివే గణిత తరగతిని చూడబోయి, రెండు లోపాలు గమనించినాడు. తమ సమాధానం ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదు; అందరూ ఒకే వేగంతో నడువవలసి వస్తున్నది. నెల రోజులకు దిద్ది ఇచ్చే మన పరీక్షా పత్రాలలోను ఈ రెండు లోపాలు ఉన్నవి. శక్తికి మించిన వేగం ఎంత చేటో పావ్లోవ్ ప్రయోగశాలలోనే బయటపడినది. వృత్తం కనిపిస్తే ఆహారం, దీర్ఘవృత్తం కనిపిస్తే ఏమీ లేదు అని కుక్కకు నేర్పినారు. దీర్ఘవృత్తాన్ని క్రమక్రమంగా వృత్తానికి దగ్గరగా మార్చగా, తేడా గుర్తించలేని స్థితిలో కుక్క అరవడం, పరికరాలను కొరకడం మొదలుపెట్టినది. అంతకు మునుపు తేలికగా గుర్తించిన తేడాలను సైతం గుర్తించలేకపోయినది. అందనిది అడిగితే అందినది కూడ పోతుందన్నమాట.

మూడవది, బెత్తం స్థానంలో బహుమతిని కూర్చోబెట్టి తృప్తిపడరాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలలో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చినారు. కొన్ని దినాల తరువాత ఆ పిల్లలే మిగిలినవారి కంటె తక్కువసేపు బొమ్మలు గీసినారు. ఇష్టంతో చేసే పని కూలికి చేసే పని అయినది. ర్యాంకుల కొరకే చదివినవాడు ర్యాంకులు లేనిచోట పుస్తకం ముట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. చేసిన ప్రయత్నాన్ని గుర్తించే ఒక్క నిజమైన మాట, ఎక్కడ తప్పినదో చూపే ఒక్క గుర్తు, పతకం కంటె మేలైన పునర్బలనం.

నాలుగవది, మనుష్యుడు చూచి కూడ నేర్చుకొంటాడు. పెద్దలు ఒక బొమ్మను కొట్టగా చూచిన పిల్లలు తామూ అట్లే కొట్టడాన్ని బండూరా 1961లో నిరూపించినాడు. కొట్టే ఉపాధ్యాయుని వద్ద కొట్టడం నేర్చినట్లే, తప్పుకు సిగ్గుపడని ఉపాధ్యాయుని వద్ద ధైర్యం నేర్చుకొంటారు. తెలుగు అధ్యాపకులు తరగతిలో నాలుగు మాటలు ఉర్దూలో, ఉర్దూ ఉస్తాదులు నాలుగు మాటలు తెలుగులో పలుకుటకు యత్నించి, తడబడి, విద్యార్థుల చేత దిద్దించుకొంటే అంతకు మించిన పాఠం ఉండబోదు.

కుక్కలపైన, పిల్లులపైన జరిగిన ప్రయోగాలతో మనిషిని పూర్తిగా అర్థం చేసికొనగలమని ఎవరూ అనరాదు. టోల్మన్, హాన్జిక్ 1930లో ప్రకటించిన ప్రయోగంలో ఎలుక సైతం బహుమతి లేకుండానే చిక్కుదారుల స్వరూపాన్ని నేర్చుకొని, ఆహారం పెట్టిన మరునాడే ఆ జ్ఞానాన్ని బయటపెట్టినది. కోలర్ పరిశీలించిన చింపాంజీలు పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చి అందని పండును అందుకొన్నవి. బుద్ధి ఉన్నచోట భయపెట్టి నేర్పవలసిన అవసరం మరింత తక్కువ. జంతువులకే చాలని బెత్తం మనిషికి ఎట్లా చాలుతుంది?

విద్యార్థి మన వద్ద గడిపేది కొద్ది సంవత్సరాలు. ఆ తరువాత అతనికి పాఠం చెప్పేవారుండరు, పరీక్ష పెట్టేవారుండరు. పుస్తకం తెరవవలెనన్న కోరిక అతనిలో మిగిలి ఉంటే అతడు మరి నలుబది ఏండ్లు నేర్చుకొంటూనే ఉంటాడు. ఆ కోరిక చచ్చిపోతే మనమిచ్చిన పట్టా గోడకు వ్రేలాడే కాగితం మాత్రమే. ఈ సంవత్సరం మన కళాశాల ఎందరిని ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుల్ని చేసినదో నివేదికలు చెబుతాయి. ఎందరు నిర్భయంగా లేచి, తప్పుగానైనా, రెండవ భాషలో ఒక వాక్యం పలుకగలిగినారో కూడ లెక్కించుకొనే రోజు రావలె. మన బోధనకు అసలైన పరీక్ష అదే.